క్యాంపులో ఏది రాయించుకోవాలి: కర్రా, ఫోనా, లాప్‌టాపా?

మొన్న పరకాల వైపు నుంచి నాలాగే చూపులేని ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, వచ్చే వారం మా దగ్గర చూపులేనోళ్లకు సర్కారు సాధనాలిచ్చే క్యాంపట. స్మార్ట్ కర్ర రాయించుకోమంటవా, ఫోన్ రాయించుకోమంటవా? రెండూ ఇయ్యరట" అన్నాడు. నేను ఎదురు ప్రశ్న వేశాను. "పొద్దున లేచిన కాన్నుంచి ఏ పని దగ్గర ఇంకొకరిని పిలవాల్సి వస్తుంది నీకు?" కాసేపు ఆగి, "దుకాణంల పైసలు చూసుకునుడు" అన్నాడు. వాళ్ల అమ్మతో కలిసి చిన్న కిరాణం నడుపుతాడు. ఊళ్లో ప్రతి మలుపూ వాడికి తెలుసు, చేతిలో మామూలు తెల్లకర్ర ఉంది. నోటు ఎంతదో ఫోన్ చెబుతుంది కాబట్టి ఫోనే రాయించుకోమని చెప్పాను.

ఈ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది. నేను మొదటిసారి క్యాంపుకు వెళ్లినప్పుడు డిగ్రీ చదువుతున్నాను. వరుసలో నా ముందున్నాయన కర్ర తీసుకుంటే నేనూ కర్రే అడిగాను. ఇంట్లో అప్పటికే ఒకటి ఉంది. నాకు కావాల్సింది పాఠాలు వినే సాధనం, కానీ అలాంటిది కూడా అడగవచ్చని ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత మా వైపు మళ్లీ క్యాంపు పెట్టేసరికి నా డిగ్రీ అయిపోయింది. అందుకే ఇప్పుడు హనుమకొండలో ఎవరు అడిగినా విసుగు లేకుండా చెబుతాను. ఇక్కడ రాస్తున్నది కూడా అలా నోటితో చెప్పేదే.

ఎవరి దగ్గర అడగాలి

ముందు కాగితాలు. లోపం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ లేదా కేంద్రం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఉండాలి, అందులో లోపం 40 శాతానికి తగ్గకూడదు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగున్నవాళ్లకు 30 శాతమే వేస్తారు, వాళ్లకు ఈ పరికరాలు రావు. ఇది తెలియక క్యాంపు దాకా వచ్చి ఏడ్చినవాళ్లు ఉన్నారు. పాత సదరం ఒక్కటే ఉన్నవాళ్లు యూడీఐడీ కూడా తప్పక చేయించుకోండి, కేంద్రం పథకాలకు దాన్నే అడుగుతున్నారు, అది దేశమంతా చెల్లుతుంది. ఇంకో మాట. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ జిల్లా అయింది. పాత పేరున్న కాగితం పట్టుకుని ఒక కలెక్టరేట్ నుంచి ఇంకో కలెక్టరేట్‌కు ఆటో చార్జీలు పెట్టుకుని తిరిగినవాళ్లను చూశాను. మీ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో ముందే కనుక్కుని బయల్దేరండి.

దారులు ముఖ్యంగా మూడు. మొదటిది వికలాంగులకు సాధనాలిచ్చే కేంద్రం వాళ్ల అడిప్ పథకం. 1981 నుంచి ఉంది. సామాను ఎక్కువగా కాన్పూర్‌లోని అలింకో సంస్థ నుంచి వస్తుంది. నెల ఆదాయం 22,500 రూపాయల లోపు ఉంటే పూర్తిగా ఉచితం, అది దాటి 30,000 వరకు ఉంటే సగం ధర మనం కట్టాలి. ఇంకొకరి మీద ఆధారపడి ఉన్నవాళ్లకైతే తల్లిదండ్రుల ఆదాయం చూస్తారు, కాబట్టి మీసేవలో ఆదాయం సర్టిఫికెట్ ముందే తీయించుకోవాలి. ఇందులో రెండు క్యాంపులు ఉంటాయి. మొదటిసారి మనిషిని చూసి ఏం కావాలో రాసుకుంటారు, సామాను ఇచ్చేది తర్వాత. ఆ మధ్య నెలలు పట్టవచ్చు. ఒకసారి తీసుకుంటే అదే అవసరానికి మళ్లీ మూడేళ్ల దాకా ఇవ్వరు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఆ గడువు ఏడాదే.

రెండోది రాష్ట్రం వాళ్ల వికలాంగుల సహకార సంస్థ. ఆఫీసు హైదరాబాద్ మలక్‌పేటలో. ప్రకటన ఇచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. పెద్ద చదువుల్లో ఉన్నవాళ్లకు లాప్‌టాప్‌లు, మిగతావాళ్లకు టచ్ ఫోన్ల లాంటివి ఈ దారిలో వస్తాయి. ప్రకటన ఎప్పుడొస్తుందో జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసులో అడుగుతూ ఉండాలి. మూడోది బడి పిల్లలకు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి రిసోర్స్ పర్సన్ పిల్లల పేర్లు రాసుకుని బడుల పథకమైన సమగ్ర శిక్ష కింద సామాను ఇప్పిస్తారు.

నా సలహా ఇది. బడి పిల్లలుంటే ముందు భవితకు వెళ్లండి. కాలేజీ పిల్లలు సహకార సంస్థ ప్రకటన మీద కన్నేసి ఉంచాలి. మిగతావాళ్లకు అడిప్ క్యాంపే దిక్కు. ఎక్కడ దరఖాస్తు ఇచ్చినా రసీదు తీసుకోండి. మూడు నెలలు గడిచినా చప్పుడు లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఆ రసీదు పట్టుకుని వెళ్లండి. నోటిమాటకు జవాబు రాదు, రసీదు నంబరుకు వస్తుంది.

తెల్లకర్రా, స్మార్ట్ కర్రా

స్మార్ట్ కర్ర అంటే కొత్త రకం కర్ర అనుకుంటారు చాలామంది. నిజానికి అది మామూలు మడత కర్ర పిడికి తగిలించే పరికరం. ఐఐటీ ఢిల్లీలో తయారుచేశారు, 2014లో బయటికి వచ్చింది. గబ్బిలాల్లాగా మన చెవికి వినపడని శబ్దం పంపి, ఎదురుగా ఏదైనా ఉంటే పిడిని వణికిస్తుంది. మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు దాకా, మూడు మీటర్ల దూరం వరకు పట్టుకుంటుంది. దగ్గరి దూరానికి మార్చుకుంటే 1.8 మీటర్లు.

దీని విలువ నాకు నుదుటి మీద తగిలి తెలిసింది. పత్తి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ రోడ్డు వైపు వెళ్తున్నాను. పక్కన ఇనుప సలాకలు వేసుకుని ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. సలాకలు వెనక నుంచి ఐదారు అడుగులు బయటికి పొడుచుకుని ఉన్నాయి. నా కర్ర వాటి కిందినుంచి హాయిగా వెళ్లిపోయింది, దానికి నేల తప్ప ఏమీ తగల్లేదు. సలాక కొస కనుబొమ్మ పైన గుచ్చుకుంది. రెండు కుట్లు పడ్డాయి. స్మార్ట్ కర్ర అయితే తగలకముందే చెప్పేది. లారీ వెనక డాలా, కిందికి వాలిన చెట్టు కొమ్మ, రోడ్డు మీదికి తెరుచుకునే కిటికీ రెక్క, ఇలాంటివన్నీ మామూలు కర్రకు దొరకవు.

కానీ అది గుంతను చెప్పదు. మూత లేని మోరీని చెప్పదు. ఆ పని కర్ర కొసది, మన మణికట్టుది. 2023 జూలైలో వరద వచ్చినప్పుడు ఇక్కడి కాలనీల్లో రోడ్డేదో మోరీ ఏదో తెలియకుండా నీళ్లు నిలిచాయి, ఆ వారమంతా నేను నమ్ముకున్నది కర్ర కొసనే. ఇక సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో స్మార్ట్ కర్ర ఆన్ చేస్తే ఎదురొచ్చే ప్రతి మనిషికీ వణుకుతూనే ఉంటుంది, పది నిమిషాలకు చెయ్యి తిమ్మిరెక్కుతుంది. అక్కడ దగ్గరి దూరానికి మార్చుకోవాలి, లేదా ఆఫ్ చేసుకోవాలి.

కాబట్టి కర్రతో నడవడం ఇంకా రానివాళ్లు స్మార్ట్ కర్ర అడగొద్దు. ముందు మామూలు కర్ర తీసుకుని ఆరు నెలలు తిరగండి. ఒంటరిగా బజారుకు, డ్యూటీకి వెళ్లేవాళ్లు మాత్రం తప్పకుండా అడగండి. మామూలు కర్ర తీసుకునేటప్పుడు పొడవు చూసుకోవాలి. నిటారుగా నిలబెడితే ఛాతీ ఎముక దాకా రావాలి. క్యాంపులో అందరికీ ఒకే పొడవు ఇచ్చేస్తుంటారు. పొట్టి కర్రతో నడిచేవాడు వంగి నడుస్తాడు, అడ్డం వచ్చినప్పుడు ఆగడానికి టైం ఉండదు. "సార్, ఇది నాకు పొట్టిగా ఉంది, మార్చండి" అని అక్కడే అడగండి. అది మన హక్కు.

ఫోన్

పెద్దయ్యాక చూపు పోయినవాళ్లకు అన్నిటికంటే ముందు ఫోన్ అని నేను గట్టిగా నమ్ముతాను. షుగర్ వల్లో, గ్లకోమా వల్లో నలభై ఏళ్లప్పుడు చూపు పోయినవాళ్లకు మరీ ముఖ్యం. ఆ వయసులో మనిషిని కుంగదీసేది దారి కనపడకపోవడం ఒక్కటే కాదు, తన పైసలు తాను లెక్కపెట్టుకోలేకపోవడం, తనకొచ్చిన మెసేజ్ ఇంకొకరితో చదివించుకోవాల్సి రావడం.

ఆండ్రాయిడ్ ఫోన్లలో దాదాపు అన్నిటిలో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే మాట్లాడటం మొదలుపెడుతుంది. కొన్ని ఫోన్లలో ఈ షార్ట్‌కట్‌ను సెట్టింగ్స్‌లో ఒకసారి ఆన్ చేయాలి. వేలు కుడివైపు జరిపితే తర్వాతిది చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. గూగుల్ తెలుగు గొంతు పెట్టుకుంటే వాట్సాప్‌లో తెలుగు మెసేజ్‌లు చక్కగా చదివి వినిపిస్తుంది. నర్సంపేట దగ్గరి ఒక అక్కకు నేర్పించాను. మొదటి రోజు ఆమె వేలు వణుకుతూ తెర మీద ఎక్కడపడితే అక్కడ తగిలేది, ఫోన్ ఆగకుండా మాట్లాడేది, ఆమెకు టెన్షన్ ఎక్కువయ్యేది. తెర మీద నాలుగు మూలలకూ నాలుగు చుక్కల మైనం అంటించాను, చేతికి ఆసరా దొరకాలని. వారం తర్వాత తన కొడుకు దుబాయ్ నుంచి పెట్టిన మెసేజ్‌ను తనే విని, తనే మాటతో జవాబు పెట్టింది. ఆ తర్వాత మైనం తనే గీకేసింది.

నోట్ల కోసం రిజర్వ్ బ్యాంక్ 2020లో మణి అనే యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెబుతుంది, నెట్ కూడా అక్కర్లేదు. దొంగ నోటా కాదా అని మాత్రం చెప్పదు. పరకాల తమ్ముడికి యాప్‌తో పాటు వేళ్లతో చూసుకోవడమూ నేర్పాను, ఎందుకంటే దుకాణంలో గిరాకీ ఉన్నప్పుడు ప్రతి నోటుకూ కెమెరా తెరవలేరు. కొత్త వంద నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండు వందలది 146, ఐదు వందలది 150. తేడా నాలుగు మిల్లీమీటర్లే, కానీ ఒక దళసరి అట్టను కొలత ప్రకారం కత్తిరించి గల్లా పక్కన పెట్టుకుంటే వేలితో తెలిసిపోతుంది.

మరి క్యాంపులో ఇచ్చే ఫోనా, సొంతంగా కొన్నదా? క్యాంపు ఫోన్ మోడల్ మన చేతిలో ఉండదు. టాక్‌బ్యాక్ బరువైన ప్రోగ్రాం, తక్కువ ధర ఫోన్లలో వేలు పెట్టిన తర్వాత రెండు సెకన్లకు పలుకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ ఆలస్యానికే విసిగి పక్కన పడేస్తారు. అందుకని చేతిలో కొంచెం డబ్బు ఉన్నవాళ్లకు నేను చెప్పేది, ఫోన్ మీరే కొనుక్కోండి, క్యాంపులో మన డబ్బుతో కొనలేని వేరే సాధనం అడగండి. కొనేటప్పుడు ర్యామ్ 6 జీబీకి తగ్గొద్దు, ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉండాలి. ఫోన్‌పేలో పిన్ కొట్టేటప్పుడు ఇయర్‌ఫోన్ లేకపోతే పక్కవాళ్లందరికీ వినపడే ప్రమాదం ఉంది. పింఛను మీదే బతికేవాళ్లు, అంటే నెలకు 4,016 రూపాయల్లో ఇల్లు గడిపేవాళ్లు, అప్పు చేసి ఫోన్ కొనొద్దు. క్యాంపు ఫోనే తీసుకోండి, నిదానంగానైనా పని చేస్తుంది. ఐఫోన్‌లో టాక్‌బ్యాక్ లాంటిదే వాయిస్‌ఓవర్ బాగుంటుంది, కానీ ఆ ధర పెట్టగలిగేవాళ్లకు నా సలహా అవసరం ఉండదు.

కొద్దిగా చూపు ఉన్నవాళ్లు మాత్రం తొందరపడి కర్రో, టాక్‌బ్యాకో అనుకోవద్దు. ముందు వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లోనో ఉన్న చూపుకు ఏ భూతద్దం పనికొస్తుందో పరీక్ష చేయించుకోండి. చాలామందికి సరైన అద్దం, మంచి దీపం ఉంటే చదువు ఆగదు.

లాప్‌టాప్

ఇది చదువుకునేవాళ్లకు, ఉద్యోగానికి ప్రిపేర్ అయ్యేవాళ్లకు. కొందరు ఇది వస్తే అన్నీ వచ్చినట్టే అనుకుంటారు. టైపింగ్ రానివాళ్లకు లాప్‌టాప్ ఇస్తే ఆరు నెలల్లో ఇంట్లో పిల్లలు సినిమాలు చూసేదిగా మారుతుంది. ముందు కీబోర్డు నేర్చుకోండి, పాత కీబోర్డు ఒకటి ఫోన్‌కు తగిలించుకుని అయినా సరే.

లాప్‌టాప్ వచ్చాక స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం, ఏది అనే ప్రశ్న వస్తుంది. జాస్ డబ్బు పెట్టి కొనాలి. ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం, ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధ యువకులు మనలాంటివాళ్ల కోసమే తయారుచేశారు. కాకతీయ యూనివర్సిటీలో పీజీ చదివే ఒక చెల్లె నా దగ్గరికి వచ్చింది. ఆమెకు ఉచితంగా ఇచ్చిన లాప్‌టాప్‌లో జాస్ వేసి ఇచ్చారు, లైసెన్స్ మాత్రం లేదు. లైసెన్స్ లేని జాస్ 40 నిమిషాలే మాట్లాడుతుంది, తర్వాత కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయాలి. ఆ చెల్లె ఏడాదంతా అలాగే చదివింది. నోట్స్ మధ్యలో గొంతు ఆగిపోయేది, సేవ్ చేసిందో లేదో తెలిసేది కాదు, మళ్లీ మొదలుపెట్టేది. పాడైపోయిందేమో, అడిగితే వెనక్కి తీసుకుంటారేమో అని భయపడి ఎవరికీ చెప్పలేదట. ఎన్‌వీడీఏ ఎక్కించడానికి మాకు పది నిమిషాలు పట్టింది. ఆ ఏడాది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. వస్తువు ఇచ్చి ఫొటో దిగినవాళ్లలో ఒక్కరు కూడా పక్కన కూర్చుని గంటసేపు వాడి చూపించలేదు.

ఎన్‌వీడీఏలో ఉండే తెలుగు గొంతు కాస్త యంత్రంలా ఉంటుంది. రెండు వారాల్లో చెవి అలవాటు పడుతుంది. బ్యాంకు లేదా కంపెనీ ఉద్యోగంలో చేరాక అక్కడి సాఫ్ట్‌వేర్‌కు జాసే కావాలంటే వాళ్లనే కొనివ్వమనండి. ఇంకో చిక్కు మన తెలుగుకే ఉంది. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత నోట్సును ఏ స్క్రీన్ రీడరూ చదవలేదు, అర్థం లేని ఇంగ్లీష్ అక్షరాలు పలుకుతుంది. ఫోన్లలో, నెట్‌లో తెలుగు రాసే పద్ధతి యూనికోడ్, దాన్ని చదవగలదు. కోచింగ్ సెంటర్లో మెటీరియల్ తీసుకునేటప్పుడు "యూనికోడ్‌లో ఉందా సార్" అని ముందే అడగండి.

బ్రెయిలీ, డైసీ

పుట్టుకతో చూపులేని పిల్లలకు, చిన్నప్పుడే పోయినవాళ్లకు బ్రెయిలీ, అంటే వేలితో తడిమి చదివే చుక్కల లిపి, వద్దని చెప్పేవాళ్ల మాట వినొద్దు. ఫోన్ చదివి వినిపిస్తుంది కదా, ఇంకా చుక్కలెందుకు అంటారు. వినడం వేరు, చదవడం వేరు. ఒత్తు ఎక్కడుంది, దీర్ఘం ఎక్కడుంది, లెక్కలో కుండలీకరణం ఎక్కడ మూసుకుంది, ఇవన్నీ వేలికి తగిలితేనే బుర్రకెక్కుతాయి. విని మాత్రమే చదువుకున్న పిల్లలు చక్కగా మాట్లాడతారు, ఉత్తరం రాయమంటే అక్షరదోషాలతో కుంగిపోతారు. కాబట్టి బడి పిల్లలకు భవితలో ముందు బ్రెయిలీ రాసే పలక, స్టైలస్, లెక్కలకు టేలర్ ఫ్రేమ్, అబాకస్ అడగండి, టాబ్ తర్వాత. నలభై దాటి చూపు పోయినవాళ్లకు మాత్రం బ్రెయిలీ కోసం ఒత్తిడి చేయను. మందుల డబ్బాల మీద పేర్లు గుర్తుపట్టేంత నేర్చుకుంటే చాలు.

పుస్తకాలు వినిపించే డైసీ ప్లేయర్ పెద్దవాళ్లకు మంచిది. బటన్లు చేతికి తెలుస్తాయి, ఆపిన చోటు నుంచే మళ్లీ మొదలవుతుంది. ఫోన్ వాడగలిగేవాళ్లకు అది అక్కర్లేదు. 2016లో మొదలైన ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో పేరు నమోదు చేసుకుంటే పుస్తకాలు ఫోన్‌లోకే దించుకోవచ్చు.

ఇచ్చే రోజు

పంపిణీ రోజు మంత్రిగారో, కలెక్టర్‌గారో వస్తారు, మైకులో పేర్లు పిలుస్తారు, చేతిలో డబ్బా పెడతారు, ఫొటో తీస్తారు. అక్కడి నుంచి నేరుగా బస్సెక్కొద్దు. డబ్బా అక్కడే విప్పించండి. ఫోనైతే వాల్యూమ్ బటన్లు నొక్కి మాట్లాడుతోందో లేదో చూసుకోండి. స్మార్ట్ కర్ర అయితే చార్జర్ ఉందా, పిడి వణుకుతోందా అని గోడకు ఎదురుగా పెట్టి చూడండి. లాప్‌టాప్ అయితే స్క్రీన్ రీడర్ ఏది వేశారు, లైసెన్స్ ఉందా అని పేరు పెట్టి అడగండి. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. పాడైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు మీ ఫోన్‌లోనే, మీ గొంతుతోనే రికార్డు చేసుకోండి. వెనక వరుసలో ఉన్నవాళ్లు తొందరపెడతారు. పెట్టనీయండి, ఆ ఐదు నిమిషాలు మీవి.

పరకాల తమ్ముడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. పేరు రాసుకున్నారట, సామాను ఎప్పుడిస్తారో ఇంకా చెప్పలేదట. "అప్పటిదాంక ఏం చేయమంటవన్నా?" అన్నాడు. ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. నా పాత ఫోన్ ఒకటి ఉంది, దాని మీద వేళ్లు తిప్పడం నేర్పిస్తాను.